కృతజ్ఞత వేఱు, వోటు వేఱు

2024 జూన్ 4వ తేదీ. వోట్ల లెక్కింపు జరుగుచున్నది. నేను మా వీధి మొగలోని టీ దుకాణమువద్ద నిలిచియుంటిని. కొందఱు యువకులు టపాకాయలు కాల్చుచుండిరి; మఱికొందఱు తలలు వంచుకొని ప్రక్కకు తప్పుకొనుచుండిరి. మా ఇంటికి పాలుపోయు వృద్ధురాలు ఆ సందడిని కొంతసేపు చూచి, నా దగ్గఱకు వచ్చి, "అయ్యవారూ, ఎవరు గెలిస్తే ఏముందిలే గానీ, ఈసారన్నా మా ఊరి ఆసుపత్రిలో రాత్రిపూట డాక్టరమ్మ ఉంటుందా?" అని అడిగెను.

అంతకు రెండేండ్ల క్రిందట ఆమె కోడలు అర్ధరాత్రమున నొప్పులు పడుచు, తాళము వేసియున్న ఆసుపత్రి ముంగిటినుండి ఆటోలో పట్టణమునకు బయలుదేఱి, దారిలోనే ప్రసవించెను. బిడ్డ దక్కలేదు. ఆ సంగతి నే నెఱుగుదును. కావున ఆమెకు నోటిమాటగా ఏమియు చెప్పజాలకపోయితిని.

ఆ ముదుసలి గెలిచినవారి పేరడుగలేదు. ఓడినవారి పేరును అడుగలేదు. తనకు కావలసిన సేవను గూర్చి మాత్రమే అడిగెను. ఒక దేశపు ప్రజలు ఇట్టి ప్రశ్ననే వోటుపెట్టెలో వేసిన సందర్భ మొకటి చరిత్రలో కలదు. అది 1945లో బ్రిటనులో జరిగిన సార్వత్రిక ఎన్నిక.

ఐరోపాలో యుద్ధము ఆ సంవత్సరము మే నెలలో ముగిసెను. ఆ విజయమునకు ప్రధాని విన్‌స్టన్ చర్చిల్ ప్రతిరూపమువలె నుండెను. ఆయన ప్రచారమునకు వెడలినచోట జనులు వీధులలో బారులు తీఱి జయధ్వానములు చేసిరి. జూలై 5వ తేదీన వోటింగు జరిగెను. దూరదేశములందున్న సైనికుల వోట్లు రావలసియుండుటచే ఫలితములు 26వ తేదీన గాని వెలువడలేదు. 640 స్థానములలో 393 లేబరు పార్టీకి దక్కెను. చర్చిల్ పదవినుండి దిగిపోయెను. క్లెమెంట్ అట్లీ ప్రధాని యయ్యెను. జయము తెచ్చిన నాయకుని జయోత్సవవేళనే దింపివేయుదురా యని లోకము నివ్వెఱపోయెను.

ఇది కృతఘ్నత యనవచ్చునా? అనరాదు. వీథిలో చప్పట్లు కొట్టిన చేతులు గడచిన కార్యమునకు వందనము చేసినవి. అవే చేతులు వోటుపెట్టెయొద్ద రాబోవు కాలమునుగూర్చి తీర్పు చెప్పినవి. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట 1918లో, వీరులకు తగిన ఇండ్లు కట్టించెదమని పాలకులు మాట యిచ్చియుండిరి. ఆ మాట చాలవఱకు నీటిమూట యయ్యెను. తరువాతి కాలమున లక్షలమంది పనిలేక పస్తులుండిరి. రెండవమాఱు మోసపోవుటకు ఆ తరము సిద్ధముగా లేదు.

దానికి తోడు 1942 డిసెంబరులో ఒక నివేదిక వెలువడెను. దానిని వ్రాసిన విలియం బెవరిడ్జి 1879లో మన వంగదేశములోని రంగపురమున జన్మించినవాడు. ఆ ఊరు నేడు బంగ్లాదేశములో నున్నది. లేమి, రోగము, అజ్ఞానము, మురికివాడల బ్రతుకు, పనిలేమి యను ఐదుగురు రాక్షసులను జయించిననే గాని యుద్ధవిజయము పూర్తికాదని ఆయన తలంపు. సర్కారు నివేదికలను సాధారణముగా ఎవరును చదువరు. దీనిని మాత్రము జనులు వరుసలలో నిలిచి కొనుక్కొనిరి. లక్షలకొలది ప్రతులు అమ్ముడుపోయెను.

ఇందొక వింత గలదు. 1945 ఎన్నికలలో బెవరిడ్జి లిబరల్ పార్టీ అభ్యర్థిగా నిలిచి తానే ఓడిపోయెను! యుద్ధము గెలిపించినవాని పార్టీకి అధికారము దక్కలేదు. ప్రణాళిక వ్రాసినవానికి స్థానము దక్కలేదు. వోటరు మనుష్యులను చూడలేదు. ఆ ప్రణాళికను ఎవరు నెఱవేర్తురని తోచెనో వారికి వోటు వేసెను.

ఆ నమ్మకము ఏమయ్యెను? అంతకుముందు 1911 నాటి భీమా చట్టముచే పనిచేయు కార్మికునికి వైద్యము లభించెడిది గాని, అతని భార్యకును బిడ్డలకును లభించెడిది కాదు. తల్లి తన జబ్బును దాచుకొని, ఆ డబ్బుతో బిడ్డలకు రొట్టె కొనెడిది. ఆరోగ్యమంత్రి అనైరిన్ బెవాన్ వేల్సు ప్రాంతపు గనిపనివాని కుమారుడు. చిన్నతనముననే తానును గనిలో దిగినవాడు. వైద్యుల సంఘము తీవ్రముగా ఎదిరించినను వెనుదీయక, 1948 జూలై 5వ తేదీన జాతీయ ఆరోగ్యసేవను ఆరంభించెను. ఏండ్లతరబడి నోరు మెదపక బాధ లోర్చిన స్త్రీలు నాడు వైద్యశాలలకు వచ్చిరి. కంటి అద్దములకై, కట్టుడుపండ్లకై వచ్చినవారి సంఖ్య పాలకుల అంచనాలను మించిపోయెను. అంతకాలము అంతమంది మసకచూపుతో బ్రతుకుచుండిరని లెక్కలలో నెక్కడను లేదు!

ఉపాధ్యాయులు గమనింపదగిన విషయ మొకటి. 1947 ఏప్రిలులో బడి విడుచు వయస్సును 14నుండి 15 ఏండ్లకు పెంచిరి. చెప్పువారు చాలకపోగా, యుద్ధమునుండి తిరిగివచ్చినవారికి ఒక్క సంవత్సరము శిక్షణ నిచ్చి వేలకొలదిమందిని ఉపాధ్యాయులుగా చేసిరి.

అట్లని అంతయు పూలబాట కాలేదు. యుద్ధకాలమునందైనను లేని రొట్టె రేషను 1946లో వచ్చెను. 1947 చలికాలమున బొగ్గు చాలక ఇండ్లు చల్లబడెను. ఇండ్ల నిర్మాణము ఆలస్యము కాగా, 1946లో వేలకొలది కుటుంబములు ఖాళీగా నున్న సైనికశిబిరములలో తామే చొరబడి కాపురము పెట్టెను. గెలిపించితిమి గదా యని వారు ఊరకుండలేదు. 1951లో చర్చిల్ మరల ప్రధాని యయ్యెను. కాని ఆరోగ్యసేవను ఆయన ప్రభుత్వమును తొలగింపలేదు. పాలకులు మాఱినను సేవ నిలిచెను. మన ఫలితములు వచ్చిన నెలకు, 2024 జూలై 4వ తేదీన, బ్రిటనులో మరల ఎన్నిక జరిగినప్పుడును వైద్యముకై వేచియున్నవారి జాబితా పెద్ద చర్చనీయాంశమయ్యెను. ఇచ్చిన వోటుకు లెక్క అడుగుట వారు మానలేదు.

మనకును అట్టి నివేదిక యొకటి గలదు. జోసెఫ్ భోర్ అధ్యక్షతన 1943లో ఏర్పడిన సంఘము 1946లో దానిని సమర్పించెను. డబ్బు చెల్లింపలేకపోవుటచే ఎవరికిని వైద్యము అందకపోరాదని అందలి మూలసూత్రము. మన పల్లెలలోని ప్రాథమిక ఆరోగ్యకేంద్రములకు బీజము అదియే. భవనము లేచినది, బోర్డు వ్రాసినారు. తలుపునకు రాత్రివేళ తాళము పడకుండ చూచుట మిగిలియున్నది. ఆ పని నివేదికలవలన కాదు, అడుగువారుండిననే అగును.

ఫలితముల మఱునాడు తరగతిలో ఎవరికి ఎన్ని స్థానములు వచ్చెనో పిల్లలు గడగడ చెప్పిరి. మీ ఊరివారు ఏమి కోరి వోటు వేసిరని నే నడుగగా నిశ్శబ్దము. ఆ ప్రశ్నను వారికి ఇంటిపనిగా ఇచ్చితిని. ఇంటింటికి పోయి అడిగి వ్రాసికొని వచ్చిరి. త్రాగునీరు, బస్సు, బడికి లెక్కల మాష్టరు, ఆసుపత్రికి రాత్రి డాక్టరు. ఎవరి పార్టీయైనను, కోరికలు దాదా పొక్కటే.

ఆ సాయంకాలము పాలు పోయుటకు వచ్చిన ముసలమ్మను కూర్చుండబెట్టి, ఆమె ప్రశ్ననే అర్జీగా వ్రాసి చదివి వినిపించితిని. "కోడలి సంగతి కూడా రాయండి అయ్యవారూ" అనెను. వ్రాసితిని. ఆమె బొటనవ్రేలి ముద్ర వేసెను. సోమవారము కలెక్టరు కార్యాలయములో అర్జీలు తీసికొందురు. ఆ సోమవారము పాలు పోయుటకు కోడలు వచ్చెను. అత్తగారు తెల్లవాఱుజామున తొలి బస్సుకే వెళ్ళినదని చెప్పెను.