మూలికల ఐ డ్రాప్స్: కంట్లో వేసే ముందు తెలుసుకోండి



ఆన్‌లైన్ హోంవర్క్, కోడింగ్ క్లాసులు, ఆపైన మొబైల్ గేమ్స్... సాయంత్రమయ్యేసరికి "అమ్మా, కళ్ళు మండుతున్నాయి" అనే మాట చాలా ఇళ్ళలో వినిపిస్తోంది. వెంటనే మెడికల్ షాపు నుంచి మూలికల ఐ డ్రాప్స్ తెచ్చేస్తాం. ఆయుర్వేదమే కదా, హాని ఏముంటుందిలే అనుకుంటాం.

కళ్ళు ఎందుకు అలసిపోతాయి?

మామూలుగా మనం నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప వేస్తాం. స్క్రీన్ చూస్తున్నప్పుడు ఇది 5 నుంచి 7 సార్లకు పడిపోతుంది. దాంతో కంటిపై ఉండే కన్నీటి పొర ఆరిపోయి మంట, గరగర మొదలవుతాయి. దగ్గరగా అదేపనిగా చూడటం వల్ల కంటి లోపలి కండరం అలసిపోయి తల నొప్పి పుడుతుంది.

డ్రాప్స్ ఏం చేస్తాయి?

వీటిలో సాధారణంగా త్రిఫల, తులసి, పన్నీరు, తేనె వంటివి ఉంటాయి. చుక్క పడగానే కన్ను తడుస్తుంది, కాసేపు హాయిగా ఉంటుంది. కొన్నింటిలో పచ్చకర్పూరం ఉంటుంది. అందుకే ముందు చురుక్కుమని, తర్వాత చల్లగా అనిపిస్తుంది. ఆ చల్లదనం వల్ల అలసిన కండరానికి విశ్రాంతి దొరకదు, సైట్ తగ్గదు. పిల్లలకు అద్దాలు అవసరమైతే, రోజూ చుక్కలు వేస్తూ కూర్చోవడం వల్ల పరీక్ష ఆలస్యమవుతుంది. అసలు నష్టం అదే.

ఇంటి వైద్యం వద్దు

నందివర్ధనం పూలను మూసిన కళ్ళపై పెట్టుకోవడం మన పెద్దల అలవాటు. ఆ పూల రసం, వంటింట్లోని తేనె, ముఖానికి రాసుకునే పన్నీరు మాత్రం కంట్లో వేయకండి. వాటిలో సూక్ష్మక్రిములు ఉండవచ్చు. ఇన్ఫెక్షన్ వస్తే నల్లగుడ్డు దెబ్బతిని, చూపుకే ముప్పు రావచ్చు.

డాక్టర్ సలహాతో డ్రాప్స్ వాడుతుంటే

• ఎక్స్‌పైరీ తేదీ, సీల్ చూడండి. సీసా తెరిచిన రోజును దానిపై రాయండి. లేబుల్‌పై వేరే గడువు లేకపోతే నెల దాటాక పారేయండి.
• చేతులు కడుక్కుని, కింది రెప్పను కొద్దిగా లాగి ఒక్క చుక్క వేయండి. సీసా మొన కంటికి తగలకూడదు.
• ఒకే సీసాను ఇంట్లో అందరూ వాడవద్దు.
• గతంలో ఎవరికో రాసిన స్టెరాయిడ్ డ్రాప్స్ అస్సలు వేయవద్దు. వాటిని ఎక్కువకాలం వాడితే గ్లకోమా, శుక్లాలు రావచ్చు.

ఖర్చులేని మందు

ప్రతి 20 నిమిషాలకు ఒకసారి, 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడమనండి. స్క్రీన్ కంటికి రెండు అడుగుల దూరంలో, కాస్త కిందికి ఉండాలి. ఫ్యాన్ గాలి నేరుగా ముఖానికి తగలకుండా చూడండి. రోజూ పగటి వెలుతురులో సుమారు రెండు గంటలు ఆరుబయట గడిపే పిల్లలకు దూరపు చూపు మందగించే ముప్పు తగ్గుతుంది.

మీ బాబు లేదా పాప బోర్డు చూడటానికి కళ్ళు చికిలిస్తున్నా, పుస్తకం ముఖానికి ఆనించి చదువుతున్నా కంటి పరీక్ష చేయించండి. కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా, వెలుతురు భరించలేకపోయినా, చూపు మసకబారినా అదే రోజు కంటి డాక్టర్‌కు చూపించండి. అద్దాలు రాస్తే ఆ సంగతి క్లాస్ టీచర్‌కు డైరీలో తెలియజేయండి.