జవాను చావు - కథావస్తువు

యుద్ధంలో మరణించిన సైనికుడి మీద మనవాళ్లు రాసే కవితల్లో జెండా, నెత్తురు, వీరమాత కన్నీరు తప్పనిసరి. ఉద్యోగ షరతులు మాత్రం కనిపించవు. అసలు వస్తువు అక్కడే ఉందని నా అభిప్రాయం.

మురళీ నాయక్ సంగతి తీసుకుందాం. గోరంట్ల మండలం కల్లితండా లంబాడీ యువకుడు. తల్లిదండ్రులు బొంబాయికి వలసపోయి కూలి చేసుకు బతికినవారు. (దర్శి మెట్టల్లో వలసంటే ఏమిటో విప్పి చెప్పనక్కరలేదు.) అగ్నివీరుడుగా చేరాడు. 2025 మే 9న సరిహద్దులో పాకిస్తాన్ కాల్పులకు బలయ్యాడు. మంత్రులు అంత్యక్రియలకు వచ్చారు. రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షలు, 5 ఎకరాలు ప్రకటించింది. మంచిదే.

కాని అగ్నిపథ్ నాలుగేళ్ల కొలువు. 2022లో ప్రకటించిన లెక్క ప్రకారం ఆపైన ఉంచుకునేది నూటికి 25 మందినే. విధి నిర్వహణలో చనిపోతే బీమా 48 లక్షలు, పరిహారం 44 లక్షలు ఇస్తారు. మామూలు జవాను కుటుంబానికి నెలనెలా ముట్టే పింఛను మాత్రం ఉండదు. ఒకే కాపలాలో పక్కపక్కన నిలబడ్డ ఇద్దరి చావుకు రెండు లెక్కలన్నమాట! మిగతా సైనికుల కుటుంబాలతో సమానంగా తమకూ ఇవ్వాలని ఆ తల్లి 2025లో బొంబాయి హైకోర్టులో పిటిషను వేసింది.