పిలిచినవారిని బట్టి కథ

ఒగ్గు కథకు కనీసం నలుగురైదుగురు కావాలి. నడుమ ప్రధాన కథకుడు, పక్కన వంతలు, వెనక డోలు, తాళాలు. ఈ కళకు పేరు తెచ్చిన ఒగ్గు చేతిలో ఇమిడే చిన్న డమరుకమే అయినా ఆటను నడిపించేది డోలు. కథకుడు ఒక మాట అని ఆగితే వంతకాడు తాన అంటే తందాన అని ఊరుకోడు. ప్రశ్న వేస్తాడు, వెక్కిరిస్తాడు, జనం మనసులోని అనుమానాన్ని తానే బయట పెడతాడు. కథకుడు దానికి జవాబు చెబుతూ కథను ముందుకు లాగుతాడు. ఈ మాటా మాటా పెరిగేకొద్దీ కథ పొడుగవుతుంది. జనం నవ్వితే ఇంకాస్త సాగుతుంది, ఆవలిస్తే డోలు దెబ్బ మారుతుంది.

జనగామ ప్రాంతంలో ఈ కళ ఇంతగా నిలవడానికి కారణం కొమురవెల్లి మల్లన్న. ఆ గుడి ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్నా, 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయేదాకా ఉమ్మడి వరంగల్‌లోదే. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు కురుమలు, గొల్లల కొలుపుల్లో భాగం. చెప్పేవాళ్లు కథకులే కాదు, పూజారులు కూడా. ఇంటి ముందు పందిరి వేసి, పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపచ్చ పొడి, బొగ్గుపొడితో నేల మీద పట్నం గీస్తారు. నుదుటిన బండారి (పసుపు) పెట్టుకుని, గజ్జెలు కట్టుకుని కథకుడు ఆ ముగ్గు ముందు నిలబడతాడు. మల్లన్న మేడలమ్మను పెళ్లాడడం, గొల్ల కేతమ్మను తెచ్చుకోవడం చెప్పడానికి తెరలూ లేవు, వేషాలూ లేవు. భుజం మీది తువ్వాలు తల మీదికి వస్తే మేడలమ్మ, చేతికర్ర నేలకు ఆనితే ముసలివాడు. పాత్ర మారినట్టు చూసేవాళ్లకు ముందుగా చెప్పేది గొంతు, ఆ వెంటనే డోలు.

ఈ కథను గుడి ముంగిలి దాటించినవాళ్లలో ముందు చెప్పుకోవలసిన పేరు చుక్క సత్తయ్య (1935–2017). ఊరు లింగాల ఘనపురం మండలం మాణిక్యాపురం. ఆరు దశాబ్దాలకు పైగా కథ చెప్పారు, కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారు. కొలుపు కోసం పుట్టిన కథను కొలుపుతో సంబంధం లేని జనం ముందుకు తేవడంలో అసలు చిక్కు భాషది కాదు, వ్యవధిది. పట్నం దగ్గర కథకు తొందర లేదు, తెల్లవారేలోగా దేవుడి పెళ్లి అయిపోతే చాలు. సభావేదిక మీద అలా కుదరదు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ పాత్రను వదిలేయాలి, వంతకాడితో వాదులాట ఎంతవరకు అన్నది ముందే తేల్చుకోవాలి. దేవుడి కథలతో సంబంధం లేని అక్షరాస్యత, కుటుంబ నియంత్రణ ప్రచారాలకు కూడా ఒగ్గు బాణీ పనికొచ్చిందంటే ఆ చట్రం ఎంత గట్టిదో తెలుస్తుంది. ఆ ప్రచార కథల్లో సాహిత్యం చప్పగానే ఉండేది. డోలు మాత్రం ఏనాడూ చప్పబడలేదు.

జనగామ జిల్లాలోనే దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లికి చెందిన గడ్డం సమ్మయ్యది చిందు యక్షగానం. 2024లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఒగ్గులో ఒక్కడే పది పాత్రలైతే, చిందులో పాత్రకో మనిషి, మనిషికో వేషం. ముఖానికి అర్దళం, కళ్లకు కాటుక, తల మీద తేలికపాటి చెక్కతో చేసిన కిరీటం, భుజకీర్తులు, కాళ్లకు గజ్జెలు. హార్మోనియం, మద్దెల, తాళాలు ఒక పక్కన. పాత్రధారి పాడతాడు, ఆడతాడు, నడుమ వచనం చెబుతాడు. కథ బరువెక్కినప్పుడు హాస్యగాడు బుడ్డర్‌ఖాన్ వచ్చి జనాన్ని నవ్విస్తాడు. ఊరి పెద్దల మీద నేరుగా అనలేని మాటలకు కూడా ఆ వేషమే రక్ష. చిందులో ఆడవాళ్లు కూడా మొదటి నుంచీ వేషం కడతారు. నిజామాబాద్ ప్రాంతపు చిందు ఎల్లమ్మకు మగ వేషాల్లోనూ పెద్ద పేరుంది.

చిందువాళ్లు మాదిగల ఆశ్రిత కులం. మాదిగల కులపురాణమైన జాంబపురాణం చెప్పే హక్కు వాళ్లది, వాళ్లకు త్యాగం (కట్నం) ఇవ్వవలసిన బాధ్యత మాదిగలది. ఏ కుటుంబం ఏ ఊళ్లలో ఆడాలో మిరాశి లెక్క ఉండేది. పంటలు ఇంటికొచ్చాక మేళం ఊళ్లోకి దిగి కొన్నాళ్లు ఆడి, ధాన్యం, బట్టలు, డబ్బు తీసుకుని పక్క ఊరికి పోయేది. పిలిచినవాళ్లే చూసేవాళ్లు, చూసేవాళ్లే పోషకులు. కాబట్టి ఏ కథ ఆడాలి, ఏ ఘట్టం సాగదీయాలి అన్నది ఆ రాత్రి ఆ ఊరే నిర్ణయించేది. ఈ నేల మీద ఈ ఆటలు కొత్తవేమీ కావు. జనగామ జిల్లా పాలకుర్తికి చెందిన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైలం శివరాత్రి వేడుకలను వర్ణిస్తూ యక్షగానాన్ని ప్రస్తావించాడు.

పద్మశ్రీ ప్రకటించినప్పుడు ప్రభుత్వం సమ్మయ్య ప్రదర్శనలను 19 వేలకు పైగా లెక్క కట్టింది. చుక్క సత్తయ్యవి 12 వేలకు పైగా అంటారు. 19 వేలను యాభై ఏళ్లకు పంచితే ఏడాదికి 380, అంటే రోజుకొకటి దాటుతుంది. అందుకే ఈ అంకెల్ని కచ్చేరీల పట్టికలా చదవకూడదు. తెల్లవార్లూ ఆడింది ఒక ఆటే, సంబరాల ఊరేగింపులో పావుగంట ఆడిందీ ఒక ఆటే. అంకె చెప్పేది ఒక్కటే: ఆ మనిషి బతుకులో గజ్జె కట్టని రోజు అరుదు.

మహబూబాబాద్, భూపాలపల్లి వైపు పోతే పాట పద్ధతి మారుతుంది. మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుంచి సమ్మక్క భర్త పగిడిద్దరాజును కోయ పూజారులు కాలినడకన మేడారం జాతరకు తీసుకుపోతారు. 2019లో ములుగు జిల్లా ఏర్పడేదాకా మేడారం భూపాలపల్లి జిల్లాలోదే. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి జరిగే ఆ జాతరలో డోలు, కొమ్ము వాయిద్యాలు లేకుండా అడుగు పడదు. కోయల వంశకథలు పాడేవాళ్లు డోలీలు. ఒక్కో గోత్రానికి బొమ్మలు గీసిన పడిగె ఉంటుంది, దాన్ని విప్పి చూపుతూ ఆ వంశవీరుల కథ పాడతారు. మణుగూరు ప్రాంతానికి చెందిన సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల కథను కోయ భాషలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో పద్మశ్రీ అందుకున్న ఆయన 2024లో కన్నుమూశారు. ఈ పాటకు టికెట్టు లేదు, వేదిక లేదు. వేళ కాకుండా పాడమంటే పాడేది కూడా కాదు. తండాల్లో లంబాడా ఆడపడుచులు తీజ్ పండుగకు గోధుమ మొలకల బుట్టల చుట్టూ తిరుగుతూ పాడే పాటలదీ ఇంచుమించు ఇదే తీరు.

ఇప్పుడు ఒగ్గునూ చిందునూ ఎక్కువగా పిలుస్తున్నది రాష్ట్రావతరణ వేడుకలు, బతుకమ్మ సంబరాలు, రాజకీయ సభలు. అక్కడ ఒగ్గు డోలు విన్యాసానికే గిరాకీ. వరసగా నిలబడి, ఒకరి భుజాలెక్కి ఒకరు డోలు వాయిస్తుంటే కెమెరాకు బాగుంటుంది. అందులో కథ ఉండదు. తెలంగాణ ప్రభుత్వం సాంస్కృతిక సారథి ద్వారా 550 మంది కళాకారులకు నెల జీతం ఇచ్చింది, పథకాల మీద పాటలు కట్టి పాడడం వాళ్ల పని. 2024 పద్మశ్రీ గ్రహీతలకు 25 లక్షల రూపాయల నగదు, నెలకు 25 వేల పింఛను ప్రకటించింది. పేరొచ్చిన కళాకారుడికి ఇది పెద్ద ఊరటే. అయితే మేళం అంటే ఒక్క మనిషి కాదు. మద్దెల, హార్మోనియం, బుడ్డర్‌ఖాన్, వంతలు కలిస్తేనే మేళం.

నేర్చుకోవడం కూడా ఈ బృందంలోనే జరుగుతుంది. కుర్రవాడు ముందు తాళం పట్టుకుంటాడు, కొన్నాళ్లకు వంతకు నిలబడతాడు. అర్ధరాత్రి దాటాక పెద్దాయన గొంతు అలసినప్పుడు ఒక చిన్న ఘట్టం అతని చేతికొస్తుంది. తప్పు పలికితే వంతలు సర్దుకుంటారు, నిద్రమత్తులో ఉన్న జనం పట్టించుకోరు. రాత్రంతా సాగే కథలో ఇలాంటి చోట్లు చాలా ఉండేవి. పావుగంట ప్రదర్శనలో మైకు పేరున్నవాడి చేతిలోనే ఉంటుంది. కొత్త గొంతుకు వంతు రావాలంటే కొలుపులకూ పండుగలకూ ఇంకా రాత్రంతా కథ చెప్పించుకునే కురుమ, గొల్ల, మాదిగ ఇళ్ల ముందే రావాలి.