కొంగు వదలని బిడ్డ

బబులోను చెరలో ఉన్నవారికి యిర్మీయా ఒక ఉత్తరం రాశాడు. అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లల్ని కనండి అన్నాడు (యిర్మీయా 29:5,6). రేపో మాపో తిరిగి వెళ్తామని మూటలు విప్పకుండా కూర్చున్నవారికి అది చేదు మాటే. కానీ ఆ ఉత్తరం అందుకున్నవారు కనీసం భార్యాబిడ్డలతో ఉన్నారు.

1840లో నెల్లూరుకు వచ్చి స్థిరపడిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే కొన్నేళ్లకే ఆరోగ్యం చెడి స్వదేశం వెళ్లారు. 1848లో మళ్లీ బయల్దేరినప్పుడు భార్యాబిడ్డలను అక్కడే వదిలి, జూవెట్ దంపతులతో ఓడెక్కారు. 1849లో నెల్లూరు చేరి, 1853 దాకా ఇక్కడ సేవ చేశారు. మిషను చరిత్రలు ఆ ఎడబాటును ఒక్క వాక్యంలో దాటేస్తాయి. సెమినరీలో నేనూ అలాగే చదివి, పరీక్ష రాసి మరచిపోయాను.

మా సంఘంలో ఒక సహోదరి ఇంటిపని వీసాపై కువైట్ వెళ్తోంది. ఆ వీసాపై బిడ్డను తీసుకెళ్లే వీలు లేదు. "అయ్యగారూ, బాబును మా అమ్మ దగ్గర వదిలి వెళ్తున్నా, ప్రార్థన చేయండి" అంది. యిర్మీయా ఉత్తరం చదవబోయి, బైబిలు మూసేశాను. బాబు తలమీద చేయి పెట్టాను. ప్రార్థన అయ్యేదాకా వాడు అమ్మ కొంగు వదల్లేదు.