పెండ్లి గౌనుకు లేసు సొగసు

వస్త్రానికి అందం నేతవల్ల వస్తుందని మన మెరుగుదుము. లేసు సంగతి వేరు. దాని సొగసంతా దారం విడిచిన ఖాళీలలోనే ఉన్నది. క్రైస్తవ వధువులు ధరించే వదులైన గౌనుకు లేసు అంత చక్కగా అమరుటకు ఆ గాలితనమే కారణం.

1840 ఫిబ్రవరి 10న విక్టోరియా రాణి వివాహవేళ ధరించిన తెల్లని పట్టుగౌను లోకప్రసిద్ధం. దానిపై జాలువారిన లేసును ఇంగ్లండులోని డెవన్ ప్రాంతపు స్త్రీలు చేతితో అల్లినారు. అప్పటికే యంత్రపు లేసు వారి జీవనోపాధిని దెబ్బతీసినది. రాణి ఎంపిక వారికి పని కల్పించినది. ఆనాడామె కిరీటం ధరించలేదు. నారింజపూల దండనే తలకు చుట్టుకొన్నది.

వదులు గౌనుకు ముందుగా చూడవలసినది లేసు బరువు. కొక్కెపు సూదితో అల్లిన నూలు లేసు బరువైనది, వ్రేలాడినకొద్దీ సాగుతుంది. కనుక గౌనును రెండుమూడు దినాలు తగిలించి ఉంచి, ఆ తరువాతనే దర్జీ అంచు మడవవలెను. పలుచని వలపై కుట్టిన లేసు తేలిక. నడకతోపాటు అలవలె కదలుతుంది. అస్తరు బిరుసైతే ఆ కదలిక పోతుంది. మెత్తని పట్టుగాని, సన్నని నూలుగాని మేలు. అస్తరు ఒక ఛాయ ముదురుగా ఉంటే పువ్వులు స్పష్టంగా తేలుతాయి. లేసే ఆభరణం కనుక చెవులకు ముత్యాలు, తలలో మల్లెలు చాలును. గరుకు నగలు దారాన్ని పట్టి లాగుతాయి కూడ.

మన గోదావరి డెల్టాలో నరసాపురం పరిసరాల స్త్రీలు పందొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల వద్ద ఈ విద్య నేర్చినారు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది. అయితే జర్మన్ సామాజికశాస్త్రవేత్త మారియా మీస్ 1982లో వెలువరించిన గ్రంథం ఒక చేదు నిజాన్ని వెల్లడించినది. ఇల్లు కదలక దినమంతా అల్లే ఆ స్త్రీలను శ్రామికులుగా గాక, తీరికవేళ ప్రొద్దుపుచ్చే గృహిణులుగా లెక్కించి, అతిస్వల్పమైన కూలి ముట్టజెప్పేవారు; లాభం వర్తకులకు చేరేది.

గుర్తింపు ఒక్కటే కూలిని పెంచదు. కొనేవారి వివేకం కూడ కావలెను. గౌనంతా చేతి లేసుతో చేయించే స్తోమత అందరికీ ఉండదు. మెడపట్టీకి, చేతుల అంచులకు మాత్రమే చేయించుకొన్నా తగునంత శోభ వస్తుంది. ధర అడిగే నోటితోనే, అల్లినవారికి అందులో ఎంత ముట్టుతుందో కూడ అడిగితే, ఆ తెల్లదనానికి ఏ మచ్చా అంటదు.