దెబ్బ ఎక్కడికి పోవాలి?

“మామా, మళ్ళ ఇరిగింది.” పోయిన ఆదివారం మా మేనల్లుడు తన రిమోట్ ట్రక్కును తెచ్చి నా ముందు పెట్టాడు. అసలు బండిలో పదో వంతు ఉండే మాన్‌స్టర్ ట్రక్కు అది. ముందు ఎడమ చక్రాన్ని పట్టుకొనే ఆర్మ్ రెండు ముక్కలైంది. నల్లటి నైలాన్ ఛాసిస్ మీద ఒక మూల తెల్లగా చార పడింది. “ఈసారి అల్యూమినియం ఛాసిస్ ఏద్దాం మామా. లోహం ఇరగదు గదా!”

ఆ మాటకు జవాబు మా ఇంటి కింద కార్ఖానాలోనే ఆడుతోంది. నీలం నగర్ సోలాపూర్ పద్మశాలీల పేట. మా తాతలు తెలంగాణ పల్లెల నుంచి నేత పని వెతుక్కుంటూ వచ్చి, మరాఠీ ఊళ్ళో తెలుగు మాటను, మార్కండేయుని రథాన్ని నిలబెట్టుకున్నారు. సోలాపూర్ చాదర్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే అందులో ఈ సందుల చెమట ఉంది. ఇక్కడ పెరిగిన పిల్లవాడికి యంత్రం గురించి చెప్పాలంటే మొదలు సాంచా (మరమగ్గం) దగ్గర నిలబెట్టాలి.

నిలబెట్టాను. నాడె మగ్గం నిమిషానికి నూరుసార్లకు పైగా, పేక దారాన్ని మోసే నాడెను ఈ కొస నుంచి ఆ కొసకు కొడుతుంది. ఇన్ని దెబ్బల మధ్య రెండు పక్కలా ఉన్న పోత ఇనుప చట్రం ఏళ్ళ తరబడి చెక్కు చెదరదు. కానీ కొట్టే కర్ర చెక్కది. నాడెకు తగిలే పికర్‌ను ఒకప్పుడు బర్రె తోలుతో చేసేవారు, ఇప్పుడు నైలాన్‌వి వస్తున్నాయి. వచ్చిన నాడెను నిలిపే చోట తోలు పట్టీ ఉంటుంది. ఇవన్నీ అరగడానికే పెట్టినవి. పికర్ పోతే మగ్గాలు బాగుచేసే జాబర్ కొత్తది వేస్తాడు, పూట తిరగకముందే మగ్గం మళ్ళీ ఆడుతుంది. అదే పికర్‌ను ఇనుముతో చేస్తే నాడె చీలుతుంది, కర్ర విరుగుతుంది, చివరికి దెబ్బ చట్రం దాకా పోతుంది.

ట్రక్కులో ఆ నైలాన్ ఆర్మ్ చేసే పని పికర్ పనే. రాయికి తగిలినప్పుడు కొంత వంగుతుంది, తిరిగి లేస్తుంది, మరీ గట్టిగా తగిలితే తానే విరుగుతుంది. చవగ్గా దొరికే ముక్క అది. దాని స్థానంలో గట్టి అల్యూమినియం వేస్తే ఆ దెబ్బ ఆర్మ్‌ను దాటి, దాన్ని పట్టుకున్న బిగింపులోకి, అక్కడి నుంచి ఛాసిస్‌లోకి వెళుతుంది. ఛాసిస్‌నూ లోహంతో చేస్తే గేర్‌పెట్టె పగలవచ్చు. పైగా నైలాన్ వంగినా సర్దుకుంటుంది, అల్యూమినియం పలక ఒకసారి వంగితే వంగినట్టే ఉంటుంది. ఆ తరువాత ఎంత సరిచేసినా బండి ఒక పక్కకే లాగుతుంది.

అలాగని కొత్త ఛాసిస్ దండగ అనడం లేదు. ఈ ట్రక్కుల చరిత్రే ఛాసిస్ మార్చుకున్న చరిత్ర. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో బాబ్ చాండ్లర్ తన ఫోర్డ్ పికప్‌ను బిగ్‌ఫుట్ అనే మాన్‌స్టర్ ట్రక్కుగా మార్చి, 1981లో పాత కార్ల మీదుగా నడిపాడు. తొలినాటి ట్రక్కులు దుకాణంలో కొన్న పికప్ చట్రాల మీదే నిలిచేవి. ఎగిరి దిగే ఆటలు మొదలయ్యాక ఆ చట్రాలు చాలలేదు. 1989లో వచ్చిన ‘బిగ్‌ఫుట్ 8’ అనే ట్రక్కు గొట్టాలతో అల్లిన చట్రం మీద నిలబడింది. ఆ తరువాత పోటీ ట్రక్కులన్నీ ఆ దారినే పోయాయి.

బొమ్మ ట్రక్కుల్లో అలాంటి మలుపు జపాన్ కంపెనీ టామియా 1987లో తెచ్చిన క్లాడ్ బస్టర్. దాని మోటార్లు రెండూ ఛాసిస్‌లో ఉండవు, ముందు ఇరుసు మీద ఒకటి, వెనుక ఇరుసు మీద ఒకటి కూర్చుంటాయి. అందువల్ల మధ్యలోని ఛాసిస్ పని బ్యాటరీని, విద్యుత్ పరికరాలను మోయడం, స్ప్రింగులను పట్టుకోవడం మాత్రమే. దాన్ని విప్పేసి వేరే ఛాసిస్ పెట్టడం తేలిక. ఆ బండి చుట్టూ విడి ఛాసిస్‌ల వ్యాపారమే పుట్టింది. నాలుగు చక్రాలూ పక్కలకు మళ్ళే ఆ బండిలో వాటిని మళ్ళించే సర్వో అనే పరికరం మొదట ఛాసిస్ మధ్యలో ఉండి పొడవాటి కడ్డీలతో పని చేసేది. ఆటగాళ్ళు సర్వోలను ఇరుసుల మీదికే దించారు. నాకు అన్నింటికంటే నచ్చిన మార్పు అదే, తిప్పిన చోటికి తిరిగే బండి వచ్చింది.

మా మేనల్లుడి ట్రక్కు ఆ రకం కాదు. దానిలో మోటారు, గేర్‌పెట్టె ఛాసిస్‌కే బిగించి ఉంటాయి. అలాంటి బండికి ఛాసిస్ ఎంచుకోవాలంటే ముందు బరువు ఎక్కడ ఉందో చూడాలి. చాదర్ నేసే మగ్గం మీద, డిజైన్ తెచ్చే జకార్డ్ యంత్రాన్ని పెట్టేటప్పుడు దాని కోసం పైన వేరే దూలాలు కట్టి, ఆ బరువు, ఆ ఊపు మగ్గం మీద పడకుండా చూస్తారు. ట్రక్కులో బ్యాటరీయే జకార్డ్. అది ఎత్తున ఉంటే మలుపులో బండి పల్టీ కొడుతుంది. బ్యాటరీని కిందికి దించే ఛాసిస్ దొరికితే, అది నైలాన్‌దైనా సరే, మెరిసే అల్యూమినియం కంటే నేను దాన్నే కొంటాను. అయితే నేలకు దగ్గరైన పొట్ట రాళ్ళకు తగులుతుంది, ఆ సంగతీ లెక్కలో ఉంచుకోవాలి.

లోహమే కావాలంటే రకం చూడాలి. 6061 అల్యూమినియం ఎక్కువగా కనిపిస్తుంది. 7075 దానికి ఇంచుమించు రెండింతల బలం, ధర కూడా ఎక్కువే. కార్బన్ ఫైబర్ పలక అల్యూమినియం కంటే బాగా తేలిక, కానీ దానిలో కరెంటు పారుతుంది. దాని అంచుకు తీగ తొడుగు ఒరుసుకుపోతే షార్ట్ అవుతుంది. లోహం నిజంగా అక్కరకొచ్చే చోటు మోటారును బిగించే ప్లేటు. నలభై డిగ్రీలు దాటే సోలాపూర్ ఎండలో మోటారు వేడిని అల్యూమినియం ప్లేటు లాగి బయట పెడుతుంది, నైలాన్ ఆ పని చేయలేదు.

ఇక మా పేటకే ప్రత్యేకమైన బాధ నూలు. సందులో ఎటు చూసినా దారపు పోగులు, దూది దుమ్ము. పోగు చక్రపు ఇరుసుకు చుట్టుకొని బేరింగ్ లోపలికి దూరుతుంది, బండి నెమ్మదిస్తుంది, మోటారు వేడెక్కుతుంది. ఆ రోజు నేను ఒక్క చక్రం విప్పితే వేలెడు దారం వచ్చింది. వాన పడ్డాక నల్లరేగడి బురద వేరే. తొట్టిలాంటి ఛాసిస్‌లో ఇవన్నీ పేరుకుంటాయి, రెండు పలకల మధ్య ఖాళీ ఉన్న ఛాసిస్ నుంచి రాలిపోతాయి. నీలం నగర్‌లో నడిపే బండికి నాలుగు స్క్రూలతో విప్పి తుడుచుకోగల ఛాసిస్ కావాలి.

సాయంత్రం ఇద్దరం నేల మీద పాత దుప్పటి పరిచి, అతను దాచుకున్న విరిగిన ముక్కలన్నీ దాని మీద పేర్చాం. తొమ్మిది ముక్కల్లో ఏడు ముందు ఆర్మ్‌లే, ఛాసిస్ ముక్క ఒక్కటీ లేదు. అందుకే మా తీర్పు ఇది: ఆర్మ్‌లు నైలాన్‌వే, కొంచెం మందమైనవి. మోటారు ప్లేటు అల్యూమినియం. తెల్ల చార పడిన ఛాసిస్‌ను వచ్చే నెల మారుస్తాం, బ్యాటరీని కిందికి దించేది, నైలాన్‌దే.