సందేశముల వరుస: క్రమచిత్రము

గడియారములోని పళ్ళచక్రములన్నియు మంచివే అయినను, వాటి కూర్పు చెడినచో గడియారము సరియైన కాలమును చూపదు. కంప్యూటరు ప్రోగ్రాము విషయమును ఇట్టిదే. దానిలోని భాగములు విడివిడిగా చూచినపుడు నిర్దుష్టముగా ఉండవచ్చును. కాని అవి ఒకదానితో నొకటి వ్యవహరించు వరుసలో పొరపాటున్నచో ఫలితము తప్పగును. ఈ వరుసను ప్రోగ్రాము వ్రాయుటకు ముందే కాగితముపై పరీక్షించుటకు ఉపయోగపడు పటమును సీక్వెన్సు డయాగ్రమ్ అందురు. తెలుగులో దీనిని క్రమచిత్రము అనవచ్చును.

ఆబ్జెక్టులు, సందేశములు

పెద్ద ప్రోగ్రాములను తరచుగా ఆబ్జెక్టులను భాగములుగా విభజించి వ్రాయుదురు. ప్రతి ఆబ్జెక్టునందును కొంత సమాచారము, ఆ సమాచారముపై చేయదగిన కొన్ని పనులు ఇమిడియుండును. ఉదాహరణకు, బ్యాంకు ఖాతా ఒక ఆబ్జెక్టు. నిల్వ దాని సమాచారము. జమ చేయుట, తీయుట దాని పనులు. ఇతర ఆబ్జెక్టులు దాని నిల్వను నేరుగా తాకరాదు. సందేశము పంపి పని చేయించుకొనవలెను. నార్వే దేశీయులైన ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ రూపొందించిన సిములా 67 అను ప్రోగ్రామింగు భాష ఈ పద్ధతికి మూలము.

చిత్రము గీయు విధము

కాగితము పైభాగమున ఆబ్జెక్టుల పేర్లను గడులలో ప్రక్కప్రక్కన వ్రాయవలెను. ప్రతి గడి నుండియు క్రిందికి ఒక తునకల గీతను గీయవలెను. ఇది ఆ ఆబ్జెక్టు యొక్క జీవనరేఖ. ఈ చిత్రములో కాలము పై నుండి క్రిందికి ప్రవహించును. పైనున్న బాణము ముందు జరిగిన సంగతిని, క్రిందనున్నది తరువాతి సంగతిని తెలుపును.

ఒక జీవనరేఖ నుండి మరియొకదానికి గీసిన బాణమే సందేశము. బాణపు మొన నిండుగా ఉన్నచో, పంపినది జవాబు కొరకు ఆగియుండునని అర్థము. మొన తెరచియున్నచో, ఆగక తన పని చేసికొనునని అర్థము. జవాబును తునకల బాణముతో చూపుదురు. ఆబ్జెక్టు పనిలో నిమగ్నమైయున్నంతసేపు దాని రేఖపై సన్నని నిలువు పట్టిక ఉండును.

ఒక ఉదాహరణ

భార్యాభర్తల ఉమ్మడి ఖాతాలో 1,000 రూపాయలున్నవి. ఇద్దరును వేర్వేరు ఊళ్ళలో, ఒకే సమయమున, ఏ.టి.ఎం. యంత్రముల నుండి చెరి 800 రూపాయలు కోరినారనుకొందము. నిల్వను ముందుగా అడిగి, తీసివేత తానే చేసికొని, క్రొత్త నిల్వను వ్రాయించునట్లు యంత్రపు ప్రోగ్రాము ఉన్నదనుకొందము. ఖాతా రేఖను నడుమను, యంత్రముల రేఖలను ఇరుప్రక్కలను గీసినచో సందేశములు ఈ వరుసలో రావచ్చును:

1. మొదటి యంత్రము: "నిల్వ ఎంత?" ఖాతా: "1,000."
2. రెండవ యంత్రము: "నిల్వ ఎంత?" ఖాతా: "1,000."
3. మొదటి యంత్రము: "నిల్వను 200గా వ్రాయుము."
4. రెండవ యంత్రము: "నిల్వను 200గా వ్రాయుము."

రెండు యంత్రములును డబ్బు ఇచ్చును. ఇచ్చినది మొత్తము 1,600. ఖాతాలో ఇంకను 200 కలదు. ఉన్నది వెయ్యి మాత్రమే కావున బ్యాంకునకు 800 రూపాయల నష్టము!

ఏ యంత్రపు పనిని విడిగా పరిశీలించినను దోషము కనుపింపదు. ఒకదాని తరువాత నొకటిగా వెయ్యిసార్లు నడిపినను బయటపడదు. చిత్రములో మాత్రము, అడుగుటకును వ్రాయుటకును నడుమనున్న ఖాళీలో రెండవ యంత్రపు బాణము దూరుట కంటికి కనిపించును.

దీనికి నివారణ ఆ ఖాళీని మూసివేయుటయే. "800 తీయుము, చాలనిచో నిరాకరింపుము" అను ఒకే సందేశమును పంపవలెను. ఆ పని ముగియువరకు ఖాతా మరియొక సందేశమును స్వీకరింపరాదు. రెండు బాణములకు బదులు ఒక బాణము గీసినంత మాత్రమున ఇది సిద్ధింపదు. ప్రోగ్రాములో ఖాతాకు తాళము వేయు ఏర్పాటు ఉండవలెను.

ఇప్పుడు జవాబు రెండు విధములు కావచ్చును. అందుకు చిత్రములో ఒక చట్రము గీసి, 'ఆల్ట్' అని వ్రాసి, అడ్డముగా తునకల గీతతో విభజింతురు. పై భాగములో "తీయబడినది", డబ్బు ఇచ్చుట. క్రింది భాగములో "చాలదు", నిరాకరణ. మరల మరల జరుగు పనికి 'లూప్' అను చట్రమును వాడుదురు.

చరిత్ర, పరిమితి

ఇట్టి చిత్రములు టెలిఫోను ఎక్స్ఛేంజీల రూపకల్పనలో పెంపొందినవి. స్వీడనులోని ఎరిక్సన్ సంస్థలో పనిచేసిన ఇవార్ యాకొబ్సన్ వీటిని ప్రోగ్రాముల రూపకల్పనలో ప్రచారము చేసినాడు. ఆయనయు, గ్రేడీ బూచ్, జేమ్స్ రంబాయు తమ పద్ధతులను మేళవించి యు.ఎం.ఎల్. అను చిత్రభాషను నిర్మించిరి. 1997లో అది ప్రమాణముగా అంగీకరింపబడినది.

ఒక క్రమచిత్రము సాధారణముగా జరుగదగిన ఒక వరుసను, లేదా కొన్నింటిని మాత్రమే చూపును. ఒక చిత్రము సరిగా ఉన్నంతనే ప్రోగ్రాము నిర్దోషమని చెప్పరాదు. "ఈ రెండు బాణముల నడుమ మరియొకటి వచ్చినచో ఏమగును?" అని ప్రతి ఖాళీని ప్రశ్నించుటలోనే దీని ప్రయోజనమున్నది.

ఉపాధ్యాయులు దీనిని నల్లబల్లపై చేయింపవచ్చును. ఖాతా నుండి సొమ్ము తీసివేయబడిన పిదప నోట్లు యంత్రములో చిక్కుకొన్నవి. ఆ సొమ్మును తిరిగి జమ చేయించు సందేశమును ఎవరు, ఎవరికి, ఎప్పుడు పంపవలెనో విద్యార్థులు గీసి చూపవలెను.